ఓడిపోయే జట్టుకు కోచ్‌ని వెతికిన అనుభవం

అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ. అందులో సభ్యత్వం ఉన్న ప్రతి యూనివర్సిటీ తన ప్రొఫెసర్లలో ఒకరిని ఫ్యాకల్టీ అథ్లెటిక్స్ రిప్రజెంటేటివ్‌గా పెట్టుకోవాలి. ఆటగాళ్లు క్లాసులకు వస్తున్నారా, పాసవుతున్నారా, ఆటల పేరు చెప్పి చదువును అటకెక్కించడం లేదు కదా అని చూడటం ఆ పని. మా దగ్గర ఆ పని కొన్నేళ్ల క్రితం నా మెడకు చుట్టుకుంది. నేను చెప్పేది సివిల్ ఇంజినీరింగ్. పుట్టి పెరిగింది తెనాలిలో. ఈ దేశం వచ్చి పాతికేళ్లు దాటినా, ఇక్కడివాళ్లు ఫుట్‌బాల్ అని పిలిచే, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఈ ఆట రూల్స్ నాకు ఒంటబట్టింది మా అబ్బాయి హైస్కూల్లో ఆడటం మొదలుపెట్టాకే. అలాంటివాణ్ని తీసుకెళ్లి 2023 నవంబర్ చివర్లో మా ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్‌ని వెతికే సెర్చ్ కమిటీలో కూర్చోబెట్టారు.

మాది మిడ్‌వెస్ట్‌లో ఒక మధ్యరకం ప్రభుత్వ యూనివర్సిటీ. పేరు చెప్పను. డివిజన్ వన్‌లో పైమెట్టు అయిన ఎఫ్‌బీఎస్‌లోనే ఆడతాం గానీ, ఒహాయో స్టేట్, మిషిగన్ లాంటివాటి పక్కన నిలబడే స్థాయి కాదు. ప్రతి సెప్టెంబర్‌లో అలాంటి పెద్ద యూనివర్సిటీ ఏదో ఒకటి మమ్మల్ని తన స్టేడియానికి పిలుస్తుంది, చెక్కు చేతిలో పెడుతుంది, చితక్కొట్టి పంపిస్తుంది. ఆ చెక్కు లేకపోతే మా ఆటల బడ్జెట్ నడవదు. ఎప్పుడైనా కథ అడ్డం తిరుగుతుంది కూడా. 2019లో అర్కాన్సా 15 లక్షల డాలర్లిచ్చి పిలిచిన శాన్ హోసే స్టేట్ చేతిలో 31-24తో ఓడింది. మాకు అలాంటి రోజు రాలేదు. చెక్కు తెచ్చుకోవడం, తర్వాత సొంత కాన్ఫరెన్స్‌లోనూ (మాలాంటి యూనివర్సిటీల లీగు) ఓడిపోవడం, హాఫ్ టైమ్‌కల్లా స్టేడియంలో విద్యార్థుల వైపు బెంచీలు ఖాళీ అయిపోవడం. ఆ విద్యార్థులు కట్టే ఫీజులో కొంత భాగం ఈ జట్టుకే పోతుందన్న సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు. మా ఫ్యాకల్టీ సెనేట్‌కి మాత్రం బాగా తెలుసు. ఏటా ఒకసారి నన్ను నిలబెట్టి అడుగుతారు.

చివరి మ్యాచ్ శనివారం అయింది. ఆదివారం పొద్దున్నే కోచ్‌ని తీసేశారు. మంచి మనిషి, పిల్లలకి ఆయనంటే ఇష్టం. కానీ గెలవలేదు. ఆయన కాంట్రాక్టు ఇంకా మిగిలే ఉంది కాబట్టి, తీసేసినందుకు డబ్బివ్వాలి. దాన్నే బైఅవుట్ అంటారు. అదే నెలలో టెక్సస్ ఏ అండ్ ఎమ్ తన కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసి 7 కోట్ల 60 లక్షల డాలర్లకు పైగా బాకీ పడింది. మేం ఇవ్వాల్సింది అందులో వందో వంతు ఉంటుందేమో. అయినా ఆ అంకె విని మా బావమరిది ఫోన్లో నోరెళ్లబెట్టాడు. తెనాలిలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడు.

"అంటే ఓడిపోయినందుకు కూడా డబ్బులిస్తారా బావా?"

"ఓడిపోయి వెళ్లిపొమ్మంటే ఇస్తారు."

"మా కాలేజీలో పీడీ గారు వాలీబాల్స్ సొంత డబ్బులతో కొనేవారు."

నా దగ్గర జవాబు లేదు. మా రాష్ట్రంలోనే కాదు, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లలో అందరికంటే ఎక్కువ తీసుకునేది గవర్నర్ కాదు, ఏదో ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచో బాస్కెట్‌బాల్ కోచో.

కమిటీలో మేం కొద్దిమందిమే. అథ్లెటిక్ డైరెక్టర్ (అందరూ ఏడీ అంటారు), ప్రెసిడెంట్ ఆఫీసు నుంచి ఒకావిడ, యూనివర్సిటీ లాయరు, ఎప్పుడో ఇక్కడే ఆడిన ఒక పాత లైన్‌మన్ (జట్టు ముందు వరసలో ఢీకొట్టే ఆటగాడు), స్టేడియానికి బాగా విరాళాలిచ్చిన ఒక వ్యాపారి, నేను. మొదటి మీటింగ్‌లోనే లాయరు ఒక మాట స్పష్టంగా చెప్పింది: కమిటీ సలహా ఇస్తుంది, నిర్ణయం ఏడీది, సంతకం ప్రెసిడెంట్‌ది, ఆమోదం బోర్డుది. రెండో మాట ఇంకా ముఖ్యమైనది: ఈమెయిల్‌లో ఎవరి పేరూ రాయకండి. ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి కాగితం మీద పడ్డ ప్రతిదాన్నీ ఓపెన్ రికార్డ్స్ చట్టం కింద విలేకరులు అడిగి తీసుకోవచ్చు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న కోచ్ వేరేచోట ఇంటర్వ్యూకి వెళ్లాడని తెలిస్తే అక్కడ అతను హైస్కూళ్ల నుంచి ఒప్పించి తెచ్చుకుంటున్న పిల్లలు, అంటే రిక్రూట్లు, చెల్లాచెదురవుతారు. అందుకే అంతా ఫోన్ల మీదే నడిచింది.

హడావిడి ఎందుకో కూడా చెప్పాలి. వేరే యూనివర్సిటీకి మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఆ ఏడాది డిసెంబర్ 4న తెరుచుకుంది. హైస్కూల్ ఆటగాళ్లు సంతకాలు పెట్టే తేదీ డిసెంబర్ 20. పైగా, హెడ్ కోచ్ పోయిన జట్టులో పిల్లలకు ఆ రోజు నుంచే ముప్పై రోజులపాటు పోర్టల్‌లోకి వెళ్లే వెసులుబాటు అప్పట్లో ఉండేది. అంటే కుర్చీ ఖాళీగా ఉన్న ప్రతిరోజూ ఎవరో ఒక పిల్లాడికి ఎక్కడినుంచో ఫోన్ వస్తుంటుంది. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని తీసుకోవాలంటే ఆగస్టులో ప్రకటన ఇచ్చి, వందల అప్లికేషన్లు చదివి, ఒక్కొక్కరినీ రెండు రోజులు క్యాంపస్‌లో తిప్పి, డెమో క్లాసు చెప్పించి, ఏప్రిల్‌కి ఉత్తరం చేతిలో పెడతాం. దానికి పదింతలకు పైగా జీతమిచ్చే మనిషిని రెండు వారాల్లోపు తేల్చేయాలి. ఈ సంగతి సెనేట్‌లో చెప్పినప్పుడు ఒక హిస్టరీ ప్రొఫెసర్ పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఏడీ ఒక సెర్చ్ ఫర్మ్‌ని పెట్టుకున్నాడు. దాని ఫీజు చూసి మొదట నాకు ఒళ్లు మండింది. కాలేజీ ఫుట్‌బాల్లో ఎవరు బాగా పనిచేస్తున్నారో ఏడీకి తెలియదా? తెలుసు. ఏ ఏడీకైనా జేబులో ఓ లిస్టు ఉంటుంది. ఫర్మ్ చేసేది వేరే పని. కోచ్‌తో కాకుండా కోచ్ ఏజెంట్‌తో మాట్లాడుతుంది. "మేం ఎవరితోనూ మాట్లాడలేదు" అని ఏడీ విలేకరులకు నిజాయితీగా చెప్పుకునే వీలు కల్పిస్తుంది. పాత కేసులు, అప్పులు, డిగ్రీలు తవ్వి చూస్తుంది. ఈ చివరిదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2001 డిసెంబర్‌లో నోటర్‌డేమ్ అంతటి యూనివర్సిటీ జార్జ్ ఓ'లియరీని హెడ్ కోచ్‌గా ప్రకటించాక, బయోడేటాలో ఉన్న మాస్టర్స్ డిగ్రీ అబద్ధమని బయటపడి ఆయన ఐదు రోజులకే రాజీనామా చేశాడు. మా క్లర్కు పోస్టుకి కూడా ట్రాన్‌స్క్రిప్ట్ ఒరిజినల్ అడుగుతాం.

ఫర్మ్ ఇచ్చిన లిస్టులో మూడు రకాలవాళ్లు కనిపించారు. పెద్ద యూనివర్సిటీలో అఫెన్స్‌నో డిఫెన్స్‌నో చూసే కోఆర్డినేటర్లు, కింది మెట్టు ఎఫ్‌సీఎస్‌లో ఇప్పటికే హెడ్ కోచ్‌గా గెలుస్తున్నవాళ్లు, ఒకప్పుడు పెద్దచోట హెడ్ కోచ్‌గా ఉండి తీసివేయబడ్డవాళ్లు. ప్రెసిడెంట్ ఆఫీసు నుంచి వచ్చినావిడ లిస్టు చూసి ఒక ప్రశ్న వేసింది: మన ఆటగాళ్లలో సగానికి దగ్గరగా నల్లజాతి పిల్లలే కదా, ఈ లిస్టులో ఆ రంగు ఏది? ఒరెగాన్‌లో 2009 నుంచి దీనికి చట్టమే ఉంది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు హెడ్ కోచ్ పోస్టుకి కనీసం ఒక మైనారిటీ అభ్యర్థినైనా ఇంటర్వ్యూ చేయాలి. మాకు అలాంటి చట్టం లేదు. ఫర్మ్ మర్నాటికి ఇంకో రెండు పేర్లు తెచ్చింది. అవి మొదటి రోజే ఎందుకు లేవని ఆవిడ అడిగితే, ఫోన్లో అవతలివైపు కాసేపు చప్పుడు లేదు.

ఏ రకం మేలు అన్నదాని మీద రోజులకొద్దీ వాదన నడిచింది. ఎవరి వాదనకి వాళ్ల ఉదాహరణ ఉంది. పాత లైన్‌మన్ కోఆర్డినేటర్ కావాలన్నాడు. అతని దేవుడు బిల్ స్నైడర్. అంతకుముందు రెండు సీజన్లలో ఒక్క మ్యాచ్ గెలవని కాన్సస్ స్టేట్ 1988 చివర్లో అయోవా కోఆర్డినేటర్‌గా ఉన్న స్నైడర్‌ని తెచ్చుకుంది. మొదటి ఏడాది గెలిచింది ఒక్కటే. పదేళ్లు తిరిగేసరికి అదే జట్టు దేశంలో మొదటి స్థానం కోసం పోటీ పడింది. ఏడీ ఎఫ్‌సీఎస్ నుంచో, డివిజన్ త్రీ నుంచో మెట్టుమెట్టుగా పైకొచ్చినవాళ్ల వైపు మొగ్గాడు. ఆయన చెప్పింది లాన్స్ లైపోల్డ్ గురించి. విస్కాన్సిన్ వైట్‌వాటర్ అనే చిన్న కాలేజీకి ఆరు డివిజన్ త్రీ టైటిళ్లు గెలిచిపెట్టి, బఫలోలో పనిచేసి, 2021లో కాన్సస్‌కి వచ్చాడు. వచ్చిన ఏడాది రెండే గెలుపులు, మూడో ఏడాదికి తొమ్మిది. మేం ఈ గొడవలో ఉన్న వారంలోనే ఇండియానా యూనివర్సిటీ జేమ్స్ మాడిసన్ నుంచి కర్ట్ సిగ్నెటీని తెచ్చుకుంది. అప్పట్లో ఎఫ్‌బీఎస్‌లో అందరికంటే ఎక్కువ ఓటములు మూటగట్టుకున్న జట్టు ఇండియానాదే. ఆ డిసెంబర్‌లోనే విలేకరులు అడిగితే ఆయన చెప్పిన సమాధానం, నేను గెలుస్తాను, కావాలంటే గూగుల్ చేసుకోండి అని. మా ఏడీ ఆ క్లిప్పు ఎన్నిసార్లు చూశాడో. 2024లో ఇండియానా 11 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్‌కి వెళ్లింది కాబట్టి ఇప్పుడు ఆ మాట ముద్దొస్తుంది. ఆ రోజు మాత్రం వ్యాపారి గారు, "పొగరు" అన్నారు.

నేను ఒక్కటే అన్నాను. ఇవన్నీ గెలిచినవాళ్ల కథలు. ఇలాగే కింది మెట్టు నుంచి తెచ్చి, నాలుగేళ్లకి తీసేసిన కోచ్‌ల పేర్లు మనలో ఎవరికైనా గుర్తున్నాయా? అవీ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకుని మాట్లాడదాం అన్నాను. ఎవరికీ నచ్చలేదు గానీ, లాయరు మాత్రం కూర్చుని రాసింది. ఆ లిస్టు పొడుగ్గా వచ్చింది.

ఇంటర్వ్యూలు వేరే ఊళ్లో, ఎయిర్‌పోర్ట్ పక్క హోటల్లో జరిగాయి. ఫర్మ్ పేరుతో తీసుకున్న గది. వ్యాపారి గారి చిన్న విమానంలో వెళ్దామంటే ఏడీ వద్దన్నాడు. డిసెంబర్‌లో అభిమానులు ప్రైవేటు విమానాల నంబర్లు పట్టుకుని, ఏ ఊళ్లో దిగాయో చూసి, ఏ కోచ్ కోసమో లెక్కగట్టేస్తారు. రెండు కార్లలో వెళ్లాం. ఒక అభ్యర్థి ముందు లిఫ్టులో దిగుతుంటే ఇంకొకరిని వెనక సర్వీస్ లిఫ్టులో పైకి తెచ్చారు. అట్టపెట్టెల్లో శాండ్‌విచ్‌లు, ఏసీ మరీ చల్లగా ఉంటే తగ్గించడం ఎవరికీ రాలేదు.

మొదట వచ్చింది పెద్ద యూనివర్సిటీ కోఆర్డినేటర్. నలభై లోపు వయసు, చక్కటి సూటు, చేయి కలిపితే ఎముకలు పట్టేసినంత పని. ఒక్కొక్కరికీ రంగుల్లో అచ్చేసిన బైండు పుస్తకం ఇచ్చాడు. మొదటి వంద రోజుల ప్రణాళిక, రిక్రూటింగ్ మ్యాపు, ఆదివారం నుంచి శనివారం దాకా గంటగంటకీ టైమ్ టేబుల్. అట్ట మీద మా లోగో. నేను పరీక్ష పేపర్లు దిద్దే అలవాటుతో పేజీ పేజీ తిప్పుతుంటే, మధ్యలో ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేరే యూనివర్సిటీ పేరు కనిపించింది. అంతకుముందు ఏడాది అక్కడా ఇంటర్వ్యూకి వెళ్లాడన్నమాట. పక్కనున్న లాయరుకి వేలితో చూపించాను, ఆవిడ పెదవి బిగబట్టింది. అయినా అతను మాట్లాడుతుంటే గదిలో ఊపొచ్చిన మాట నిజం. పాత లైన్‌మన్ అప్పటికప్పుడు హెల్మెట్ పెట్టుకుని బయల్దేరేలా ఉన్నాడు.

మధ్యాహ్నం వచ్చినాయన ఎఫ్‌సీఎస్ హెడ్ కోచ్. యాభై దాటాయి. చేతిలో పసుపు రంగు కాగితాల రైటింగ్ ప్యాడ్, ఒక పెన్ను. చెప్పడం కంటే అడగడం ఎక్కువ. బరువులెత్తే గదిలో ఒకేసారి ఎంతమంది పడతారు? పాత కోచ్ కింద పనిచేసిన పదిమంది అసిస్టెంట్లలో ఎంతమందికి జూన్ దాకా జీతం గ్యారంటీ ఉంది? తర్వాత పెన్ను మూత పెట్టి, "ఆదివారం రాత్రి మీ పిల్లలు ఎక్కడ తింటారు?" అన్నాడు.

మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. మా క్యాంపస్ డైనింగ్ హాలు ఆదివారం సాయంత్రం తొందరగా మూసేస్తారు. 2014 నుంచి ఎన్‌సీఏఏ డివిజన్ వన్ ఆటగాళ్లకు ఎన్ని పూటలైనా భోజనం పెట్టుకోవచ్చని అనుమతిచ్చింది. పెట్టాలంటే డబ్బుండాలి, అంతే. ఏడీ ఏదో చెప్పబోయి ఆగి, "కనుక్కుంటాను" అన్నాడు. కోచ్ తన ప్యాడ్ మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో చూద్దామని మెడ చాచాను గానీ కనపడలేదు.

మూడో ఆయన పెద్దచోట ఉద్యోగం పోగొట్టుకున్న పాత హెడ్ కోచ్. ఈయన విషయంలో ఒక గమ్మత్తు ఉంది. పాత యూనివర్సిటీ ఈయనకి ఇంకా నెలనెలా బైఅవుట్ డబ్బు కడుతోంది. కొత్త ఉద్యోగం వస్తే ఆ జీతం మేరకు వాళ్లు కట్టేది తగ్గుతుంది. కాంట్రాక్టులో ఆఫ్‌సెట్ అంటే అదే. కాబట్టి మేం తక్కువిచ్చినా ఎక్కువిచ్చినా ఆయన జేబులోకి వచ్చేది ఒకటే, తేడా పాత యజమాని భరిస్తాడు. వ్యాపారి గారి కళ్లు మెరిశాయి. "సగం ధరకే వస్తాడు, మిగిలింది అసిస్టెంట్లకు ఖర్చు పెడదాం" అన్నారు. చట్టప్రకారం తప్పేమీ లేదు. తెలిసి మరీ ఇలా తక్కువ జీతం రాస్తారు, అందుకే ఈమధ్య యూనివర్సిటీలు కొత్త జీతం మార్కెట్ రేటుకి తగ్గకూడదని ముందే రాసుకుంటున్నాయి. ఇంటర్వ్యూలో ఆయన పాత ఉద్యోగం ఎందుకు పోయిందో చెప్పమంటే వరసగా అందరి తప్పులూ చెప్పాడు. జట్టు ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌కి గాయం, ఏడీ మారడం, అప్పుడే పుట్టిన ఎన్‌ఐఎల్ డబ్బు (ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకోనిచ్చి సంపాదించేది) గోల. అన్నీ నిజాలే కావచ్చు. మాలో ఒక్కరికీ మనసొప్పలేదు.

ఇంటర్వ్యూల వల్ల నాకు తెలిసింది తక్కువ. ఫోన్ల వల్ల తెలిసిందే ఎక్కువ. పెళ్లి సంబంధానికి అబ్బాయి తరఫువాళ్లు చెప్పిన పేర్లు వదిలేసి ఎదురింటివాళ్లని అడిగినట్టు, రిఫరెన్సు లిస్టులో లేనివాళ్లకి ఫోన్ చేయాలి. ఫర్మ్ పెద్దపెద్దవాళ్లతో మాట్లాడింది. నా వంతుకి వచ్చింది చదువు వైపు. ఎన్‌సీఏఏ ప్రతి జట్టుకీ ఏపీఆర్ అనే లెక్క వేస్తుంది. ప్రతి టర్మ్‌లోనూ ఆటగాడు చదువులో అర్హత నిలబెట్టుకుంటే ఒక పాయింటు, మానకుండా ఉంటే ఒక పాయింటు, నిండుగా వస్తే 1000. నాలుగేళ్ల సగటు 930 కంటే పడిపోతే సీజన్ చివరి పోటీలకు పంపరు. మా జట్టు ఆ గీతకి కాస్త పైన వేలాడుతోంది. ఈ అంకెలు బహిరంగంగానే దొరుకుతాయి. ఎఫ్‌సీఎస్ కోచ్ జట్టువి తీసి చూస్తే, ఆయన చేరిన ఏడాది గుభేల్మని పడింది, తర్వాత ఏటా పెరిగింది. పడినదాని గురించి ఫోన్ చేసి అడిగాను.

"ఆ ఏడాది క్లాసులకు రానివాళ్లని పంపించేశాను, డాక్. పాత కోచ్ తెచ్చిన పిల్లలే గానీ, పంపింది నేను. ఆ నంబరు నా ఖాతాలోనే వెయ్యండి."

అక్కడ అథ్లెట్ల చదువు చూసే అడ్వైజర్‌తోనూ మాట్లాడాను. ఆవిడ మొదట పొడిపొడిగా మాట్లాడింది, మంచి కోచ్‌ని పోగొట్టుకుంటానేమోనని కాబోలు. చివర్లో తనంతట తనే ఒక మాట చెప్పింది. సోమవారం పొద్దున క్లాసు ఎగ్గొట్టినవాళ్ల లిస్టు అన్ని జట్ల కోచ్‌లకీ పంపుతుందట. "చాలామంది చదవరు. ఈయన చదువుతాడని నాకెలా తెలుసంటే, మధ్యాహ్నం లోపు ఆ పిల్లలు నా ఆఫీసు బయట నేల మీద వరసగా కూర్చుని ఉంటారు" అంది. కోఆర్డినేటర్ పనిచేసే చోట అదే ప్రశ్న అడిగితే, ఆయన మా బిల్డింగ్‌కి ఎప్పుడూ రాలేదు, రావలసిన అవసరం ఆయన ఉద్యోగంలో లేదు కూడా అన్నారు. రెండో ముక్క న్యాయమైనదే. అతని తప్పుగా నేను రాయలేదు.

జట్టు కెప్టెన్లతోనూ ఒక పూట కూర్చున్నాం. కొత్త కోచ్ ఎలా ఉండాలని అడిగితే, ఆట ఎత్తుగడల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. వచ్చేవాడు రెండేళ్లలో ఇంకో ఉద్యోగానికి పారిపోకూడదు అన్నారు. డిఫెన్స్‌లో వెనక వరసలో ఆడే ఒక కుర్రాడు మాత్రం, "మీరు ఎవరిని తెచ్చినా సరే, ట్రైనింగ్ రూములో ఆ కొత్తావిడని మాత్రం తీసేయకండి, నా మోకాలు ఆవిడ చేతిలో ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను రాసుకున్నాను.

ఏడీ మొదటి ఆఫరు కోఆర్డినేటర్‌కే ఇచ్చాడు. నేనూ లాయరూ వద్దన్నాం, మిగిలినవాళ్లు సై అన్నారు. ఊపు కావాలి, టికెట్లు అమ్ముడవాలి అన్నది వాళ్ల వాదన. అది కొట్టిపారేసే వాదన కాదు. ఏజెంట్ రాత్రంతా జీతం మీద, అసిస్టెంట్ల జీతాల మొత్తం మీద బేరమాడాడు. తెల్లారి జవాబు చెప్తామన్నాడు. సాయంత్రానికి కోఆర్డినేటర్ ఇప్పుడున్న యూనివర్సిటీ ఒక ప్రకటన ఇచ్చింది: కాంట్రాక్టు పొడిగించాం, జీతం పెంచాం అని. మమ్మల్ని చూపించి అక్కడ పెంచుకున్నాడు. ఏడీ మొహం ఎర్రబడింది గానీ ఈ వ్యాపారంలో ఇది మామూలే. నిక్ సేబన్ అంతటివాడు 2006 డిసెంబర్‌లో అలబామా కోచ్‌గా వెళ్లడం లేదని విలేకరుల ముందు తెగేసి చెప్పి, రెండు వారాలకే వెళ్లాడు. ఇక్కడ మాట కంటే ప్రకటనే నమ్మకం.

ఈలోగా మొదటి పేరు ఎలా పొక్కిందో పొక్కింది. రెండో ఎంపిక అన్న ముద్ర పడితే వచ్చేవాడు తలెత్తుకోలేడని ఏడీకి భయం. 2017లో టెనెసీ గ్రెగ్ షియానోని ఖాయం చేసుకోబోతే అభిమానులూ రాజకీయ నాయకులూ కలిసి ఒక్క ఆదివారంలో ఆ ఒప్పందాన్ని తలకిందులు చేశారు. మా అభిమానులకి అంత బలం లేదనుకోండి, ఉన్న కొద్దిమందీ గట్టిగా అరిచేవాళ్లే. ఎఫ్‌సీఎస్ కోచ్‌కి ఆ రాత్రే ఫోన్ వెళ్లింది. తను రెండోవాణ్నని ఆయనకి తెలుసు. ఏజెంట్ దేనిమీదైనా పట్టుబట్టాడా అని ఏడీని అడిగితే, జీతం మీద కాదు, ఆదివారం భోజనం మీద పట్టుబట్టాడు అని తల పట్టుకున్నాడు.

మొదట సంతకమయ్యేది రెండు పేజీల టర్మ్ షీటు. పూర్తి కాంట్రాక్టు నెలల తర్వాత వస్తుంది. ఈలోపు మనిషి పనిలో చేరిపోతాడు. ఐదేళ్లు, ఏడాదికి పది లక్షల డాలర్లకు కాస్త అటూ ఇటూ, కారు, ఇంటివాళ్లకు టికెట్లు. అసలు యుద్ధం మిగతా వాక్యాల దగ్గర జరిగింది. మేం తీసేస్తే మిగిలిన జీతంలో ఎంత శాతం ఇవ్వాలి? ఒకేసారా, నెలనెలానా? ఆఫ్‌సెట్ ఉంటుందా? ఆయనే వెళ్లిపోతే మాకెంత కట్టాలి, అది ఏటా ఎంత తగ్గుతుంది? వీటన్నిటికీ నేను ఓపిగ్గా కూర్చుని వివిధ సందర్భాలు లెక్కగట్టి ఇచ్చాను. మూడో ఏట మేం తీసేస్తే ఎంత, రెండో ఏట ఆయన వెళ్తే ఎంత, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, మేం సంతకం పెట్టబోయింది కోచ్‌తోనా, కోచ్‌ని వదిలించుకునే విధానంతోనా అన్న అనుమానం వచ్చింది. మనిషి ఎలా తేలతాడో ఇంటర్వ్యూలో చెప్పలేం. తేలనప్పుడు ఎంత నష్టపోతామో మాత్రం ముందే రాసుకోవచ్చు. ఆ రెండు వారాల్లో మా చేతిలో నిజంగా ఉన్నది అదొక్కటే అని నా అభిప్రాయం, ఇప్పటికీ.

చదువుకి సంబంధించిన బోనస్ మీద నేను గొడవ పెట్టుకున్నాను. డ్రాఫ్టులో ఏపీఆర్ 930 దాటితే బోనస్ అని ఉంది. దాటకపోతే శిక్ష పడే గీత అది. ఆ గీత దాటినందుకు బహుమతి ఏమిటి? 35 మార్కులు తెచ్చుకున్నవాడికి గోల్డ్ మెడల్ ఇచ్చే యూనివర్సిటీ ఎక్కడుంది? గీతని పైకి జరపమన్నాను. ఏజెంట్ ఫోన్లో నిట్టూర్చాడు, లాయరు నవ్వింది, చివరికి జరిగింది. కోచ్ మాత్రం దాని గురించి ఒక్క మాటా అనలేదు.

ప్రెస్ మీట్ రోజు బ్యాండు మేళం, కొత్త టోపీ, ఫొటోలు. ఆ ఊసు వదిలేస్తాను. ఆ వారంలోనే మా మొదటి క్వార్టర్‌బ్యాక్ పోర్టల్‌లోకి వెళ్లాడు, వెనకే ఇంకొందరు వెళ్లారు. కోచ్ తన పాత కాలేజీ నుంచి ఏడెనిమిది మందిని తెచ్చుకున్నాడు. జనవరిలో వాళ్ల క్రెడిట్లు బదిలీ చేయించడం నా బల్ల మీదకొచ్చింది, ఒకడి కెమిస్ట్రీ ల్యాబ్ మా క్యాటలాగ్‌లో దేనికీ సరిపోక డీన్ ఆఫీసు చుట్టూ తిరిగాను. డైనింగ్ హాలు ఆదివారం రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచుతున్నారు. దానికయ్యే ఖర్చు వ్యాపారి గారు ఇస్తున్నారు. పొగరు లేని కోచ్ దొరికాడని ఆయనకి సంతోషం.

2024లో గెలిచింది మూడే. అభిమానులు మళ్లీ గొంతు చించుకున్నారు. స్నైడర్ మొదటి ఏడాది గెలిచింది ఒక్కటేనని పాత లైన్‌మన్ కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. తను కోఆర్డినేటర్ కావాలన్న సంగతి పూర్తిగా మర్చిపోయాడు. 2025 జూన్‌లో, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో కుదిరిన రాజీకి (హ౸స్ సెటిల్‌మెంట్ అంటారు) కోర్టు ఆమోదం వచ్చి, యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వడం మొదలైంది. మొదటి ఏడాదికి గరిష్ఠం 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. మా మొత్తం ఆటల బడ్జెట్‌కే అది చాలా పెద్ద అంకె, మేం ఇవ్వగలిగింది అందులో నాలుగు మెతుకులు. అయినా ఆ సీజన్‌లో మా వాళ్లు కావలసిన ఆరు దాటి గెలిచి, సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌కి అర్హత తెచ్చుకున్నారు. ఏపీఆర్ ఈసారీ మొదటి ఏడాది పడింది, ఆయన పాత కాలేజీలో జరిగినట్టే తర్వాత లేచింది.

ఆ డిసెంబర్‌లోనే ఏజెంట్ నుంచి ఏడీకి ఫోన్ వచ్చింది. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఒకచోట ఖాళీ ఉందట, వాళ్లు అడుగుతున్నారట. నిజమో, మేం ఇదివరకు చూసిన నాటకమో తేల్చుకునే తీరిక లేదు. కాంట్రాక్టు పొడిగిద్దామని ఏడీ నిర్ణయించాడు. డ్రాఫ్టు నా దగ్గరికి పంపమని అడిగాను. బోనస్ గీత ఉన్నచోటే ఉంది. మేం తీసేస్తే ఇవ్వాల్సిన శాతం మాత్రం బాగా పెరిగింది. మార్జిన్‌లో నా అభ్యంతరం రాసి లాయరుకి పంపాను. బోర్డు జనవరిలో ఆమోదించింది.